ఖాళీ కాని ఖాళీ పీరియడ్

టైంటేబుల్‌లో ఉపాధ్యాయినికి ఒక పీరియడ్ ఖాళీగా కనిపిస్తే అది విశ్రాంతి అని చాలామంది తల్లిదండ్రులు భావిస్తారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం అలా భావించలేదు. ఉపాధ్యాయుల పనిని వారానికి కనీసం 45 గంటలుగా నిర్ణయిస్తూ, పాఠం సిద్ధం చేసుకునే సమయాన్నీ అందులోనే కలిపింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు. అంటే రోజుకు సుమారు నాలుగున్నర గంటలు. సన్నాహానికి చోటు చట్టంలోనే ఉందన్నమాట.

ఆచరణలో, సెలవు పెట్టిన సహోద్యోగి తరగతి ఆ పీరియడ్‌ను మింగేస్తుంది. దిద్దవలసిన నోటుపుస్తకాలు ఇంటికి చేరుతాయి. వంట, పిల్లల పనులు ముగిశాక గానీ వాటికి వంతు రాదు. నిన్నటి భిన్నాల లెక్క ఏ విద్యార్థికి ఎక్కడ చిక్కుపడిందో ఆలోచించే తీరిక ఆమెకు ఇక ఎక్కడిది? మార్కుల గురించి నిలదీసే మనం, ఈ నెల ఉపాధ్యాయులకు ఎన్ని ఖాళీ పీరియడ్లు నిజంగా దక్కాయని కూడా తల్లిదండ్రుల సమావేశంలో అడగవచ్చు.