కట్టేసిన రెక్కల్లో శకునమా?

2024 దసరా శనివారం నాడు వచ్చింది. బహ్రెయిన్‌లో సెలవు రోజు కావడంతో పొద్దున్నే నలుగురం జబల్ అల్ దుఖాన్ ఎక్కాం. ఈ దేశంలో అంతకంటే ఎత్తయిన చోటు లేదు. ఉన్నది 134 మీటర్లే అయినా, నిట్రంగా ఉన్నచోట కాలి కింద రాళ్లు జారుతుంటాయి. సగం దాకా వెళ్లేసరికి ఓ నీలిరంగు పిట్ట బండ మీంచి లేచి, మిడతను ముక్కున కరుచుకుని మళ్లీ అక్కడే వాలింది. "పాలపిట్ట!" అంటూ, దసరా నాడు అది కనబడితే శుభమని మావాడొకడు దండం పెట్టాడు. అది పాలపిట్ట కాదు, దాని దాయాది. యూరప్, మధ్య ఆసియాల నుంచి ఆఫ్రికాకు పోతూ దారిలో ఆగే వలసపిట్ట. ఆకలేసి ఆగింది, అంతే.

ఇంతలో జగిత్యాల నుంచి అక్క వీడియో కాల్. "తమ్మీ, గుడి కాడికి పాలపిట్టను తెచ్చిన్రు. దండం పెట్టుకో, నీ వీసా పనైతది."

ఫోన్‌లో చూశాను. జానెడు పంజరం. పిట్ట కాళ్లకు దారం, కత్తిరించిన రెక్కలు. నోరు తెరిచి రొప్పుతోంది. ముందు నూకలు చల్లారు. పాలపిట్ట తినేది పురుగుల్ని, మిడతల్ని, బల్లుల్ని. నూకల మధ్యే అది పస్తులుంటోంది. చుట్టూ జనం డబ్బులిచ్చి మొక్కుతున్నారు.

ఇది మన తెలంగాణ రాష్ట్ర పక్షి. దీన్ని పట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దేశంలో పాలపిట్టలు బాగా తగ్గిపోతున్నాయని 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక హెచ్చరించింది. తగ్గడానికి కారణాలు ఎన్నయినా ఉండనీ, పండగ పేరుతో పట్టి హింసించడం మాత్రం పూర్తిగా మన చేతుల్లో పనే. ఎగరలేని పిట్ట తన ప్రాణమే కాపాడుకోలేదు, మన పని ఎలా చక్కబెడుతుంది?

చిన్నప్పుడు జమ్మిపూజ కాగానే నాన్న వేలు పట్టుకుని పొలాల వైపు నడిచేవాణ్ని. పాలపిట్ట కోసం కరెంటు తీగలన్నీ వెతికేవాళ్లం. ఒక్క ఏడాది కనబడింది. నాన్న కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాతి వేసవిలోనే మా బోరు ఎండిపోయింది. అప్పు తీర్చడానికి నాన్న గల్ఫ్ విమానం ఎక్కాడు, ఆయన వెనకే నేనూ. పిట్ట చేసిన తప్పేం లేదు, చేయగలిగిందీ ఏం లేదు. భూమిలో నీళ్లు లేవు, అదీ సంగతి. ఆ సంగతి అడగాల్సినవాళ్లం శకునాలు వెతుక్కుంటూ బతికాం.

"అక్కా, పైసలియ్యకు" అన్నాను. అప్పటికే ఇచ్చేసిందట.

అక్క మంచిది. తమ్ముడి మీద ప్రేమతోనే ఇచ్చింది. నా గుండె మండేది అందుకే. ఇంతమంది మంచివాళ్ల ప్రేమ కలిసి ఓ పిట్ట ప్రాణం తీస్తోంది. ఎగిరే పిట్ట కనబడితే కళ్లారా చూడండి. కట్టేసిన పిట్ట ముందు రూపాయి కూడా పెట్టకండి. వచ్చే దసరాకు వల కొనేది ఆ రూపాయితోనే.