మనోవ్యాధి పేరిట నిర్బంధము

నర్సీపట్నం ఆసుపత్రి మత్తు వైద్యుడు డాక్టరు సుధాకర్ చేతులను పోలీసులు వెనుకకు విరిచి, విశాఖ నడిరోడ్డున త్రాటితో కట్టివైచిన 2020 మే 16వ తేదీ ఘటనను గూర్చి, ఆయనకు మానసిక సమస్యలున్నట్లు కనబడుచున్నదని విశాఖ పోలీసు కమిషనరు సెలవిచ్చిన మాటను ఈ పత్రిక ఎంతమాత్రము అంగీకరింపజాలదు. ఆయన మద్యము సేవించి అల్లరి చేసెనన్న ఆరోపణను, మద్యము వలని మనోవికారమును సైతము చట్టము మనోవ్యాధిలో చేర్చిన సంగతిని, ఈ ఘటనపై జరిగిన కానిస్టేబులు సస్పెన్షనును మేము మరువలేదు. వానిని విచారణ తేల్చుగాక.

రోగ నిర్ణయము పోలీసు అధికారి పని కాదు. అయినను రోగమున్నదనియే అనుకొందము. అట్టివానిని పోలీసులు తమ రక్షణలోనికి తీసికొని, కారణము తెలిపి, 24 గంటలలోపల సమీప ప్రభుత్వ ఆసుపత్రికి చేర్పవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 100వ సెక్షను చెప్పుచున్నది. అందు త్రాటికి తావు లేదు, ఈడ్చుటకు తావు లేదు. క్రూరమును అవమానకరమును అగు వర్తన నుండి రోగికి రక్షణ కలదని 20వ సెక్షను. కావున రోగి యనుట పోలీసుల తప్పును తగ్గింపదు సరికదా, రెట్టింపు చేయును!

రోగము లేకున్నచో అది మరింత ఘోరము. మాస్కులు లేవని బహిరంగముగ పలికి ఏప్రిల్‌లో సస్పెండైన ఈ వైద్యుడే మే నెలలో మానసిక వైద్యశాలలో తేలుట చూచిన సామాన్యునికి కలుగు అనుమానము, చట్టము వ్రాసినవారికి ముందే కలిగినది. నైతిక, రాజకీయ విలువలతోనే గాక ఉద్యోగ విలువలతో విభేదించుటను బట్టియు ఎవరినీ మనోరోగిగ నిర్ణయింపరాదని 3వ సెక్షను శాసించుచున్నది. అసమ్మతికి ఉన్మాదమని పేరుపెట్టి మనుష్యులను ఆసుపత్రులలో బంధించిన సోవియట్ పాలన ప్రపంచమెరిగినదే; అట్టి నిర్ణయమును నిషేధించు సూత్రములను ఐక్యరాజ్య సమితి సాధారణ సభ 1991లో ఆమోదించినది. వైకల్యము కారణముగ ఎవరి స్వేచ్ఛను హరింపరాదను అంతర్జాతీయ ఒడంబడికను 2007లోనే మన దేశము ఆమోదించినది.

గూడూరు పత్రికకు విశాఖ గొడవ యేల యని అడుగువారుందురు. 2020 మే నాటికి రాష్ట్రమున కరోనా కేసులు మిక్కుటముగ నుండినది మన కర్నూలు జిల్లాలోనే. మాస్కు లేదని నోరు విప్పగల వైద్యుడుండుట మన ప్రాణములకు సంబంధించిన విషయము.

హైకోర్టు మే 22వ తేదీన ఈ వ్యవహారమును సీబీఐకి అప్పగించినందుకు సంతసించుచున్నాము. విచారణ త్రాడు కట్టిన చేతులతో ఆగిపోరాదు. ఆయనను ఎవరి దరఖాస్తుపై, ఏ ఇరువురు నిపుణులు విడివిడిగ పరీక్షించి వైద్యశాలలో చేర్చుకొనిరో తేల్చవలెను. చట్టప్రకారము అది జరుగలేదని తెలిసిన క్షణముననే ఆయనను ఇంటికి పంపవలసియుండెను.