కంప్యూటర్లు ఇచ్చారు, శిక్షణ మరిచారు

ఏ జిల్లా కేంద్ర గ్రంథాలయానికైనా పొద్దున్నే వెళ్లి చూడండి, కుర్చీ దొరకదు. గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ ఉద్యోగాలకీ చదివే పిల్లలు క్యారియరు తెచ్చుకుని రోజంతా రీడింగ్ హాల్లోనే ఉంటారు. నోటిఫికేషన్ పడగానే మాత్రం దరఖాస్తు కోసం ఎదురు వీధి నెట్ సెంటరుకు పరుగు. హాల్ టికెట్‌కీ అక్కడికే, ప్రింటుకీ అక్కడికే. తాము కూర్చున్న భవనంలోనే ‘డిజిటల్ లైబ్రరీ’ బోర్డున్న గదికి చాలాచోట్ల తాళం. తెరిచి ఉన్నా కంప్యూటర్ల మీద గుడ్డ కప్పి ఉంటుంది. అడిగితే నెట్ బిల్లు కట్టలేదనో, పాస్‌వర్డ్ తెలిసినాయన డెప్యుటేషన్ మీద పోయాడనో జవాబు.

జనం ఇవ్వక ఈ గతి పట్టలేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు సెస్సుగా కడుతూనే ఉన్నారు. వసూలు చేసిన సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా బకాయి పెట్టడం రెండు తెలుగు రాష్ట్రాల పురపాలికలకూ పాత అలవాటు. అందినదాంట్లో మిగిలితే కంప్యూటర్లు కొంటారు. కొనుగోలుకు టెండరుంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. లైబ్రేరియన్‌కి నెల రోజుల శిక్షణ ఇస్తే రిబ్బను కత్తిరించడానికి ఏముంటుంది?

సాఫ్ట్‌వేర్ ఖరీదన్న సాకూ లేదు. న్యూజిలాండ్‌లో ఓ చిన్న ప్రాంతీయ గ్రంథాలయ సంస్థ కోసం తయారై 2000లో వాడుకలోకి వచ్చిన ‘కోహా’ ఎవరికైనా ఉచితం. మన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ రూపొందించిన ‘ఈ-గ్రంథాలయ’ ప్రభుత్వ గ్రంథాలయాలకు ఉచితమే. వీటిలో ఏది వాడినా, కావలసిన పుస్తకం ఉందా, ఎవరైనా పట్టుకెళ్లారా అన్నది పాఠకుడు ఇంట్లోంచే ఫోన్లో చూసుకోవచ్చు. ఇవాళ ఆపాటి సంగతికి బస్సెక్కి రావాలి, వచ్చాక బీరువా తాళంచెవి కోసం ఆగాలి.

అలాగని పుస్తకాల పేర్లు టైపు చేయించేస్తే కేటలాగు కాదు. డీటీపీకి వాడే అను ఫాంట్లలో కొట్టిన జాబితా కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది. యూనికోడ్‌లోకి మార్చనిదే వెబ్‌లో వెతికితే దొరకదు. యూనికోడ్‌లో ఎక్కించినా ఒకరు ‘రావిశాస్త్రి’ అనీ, ఇంకొకరు ‘రాచకొండ విశ్వనాథశాస్త్రి’ అనీ, మరొకరు ఇంగ్లిషు లిపిలో తోచిన స్పెల్లింగుతోనూ రాస్తే ఒకే రచయిత ముగ్గురైపోతాడు. ఏ పేరుతో వెతికినా ఆయన పుస్తకాలన్నీ ఒక్కచోట తేలేలా చేయడం లైబ్రేరియన్ విద్య. దాన్ని రోజుకూలీ డేటా ఎంట్రీకి అప్పజెప్పి చేతులు దులుపుకుంటే కేటలాగు ఉండీ లేనట్టే.

లైబ్రేరియన్లలోనూ ‘మా రిజిస్టరు మాకు చాలు’ అనేవాళ్లున్నారు. పుస్తకం పోతే ఆడిట్‌లో సంజాయిషీ చెప్పుకోవలసింది తామే కాబట్టి తాళం వేయడమే క్షేమమని వాళ్లకు ఉద్యోగమే నేర్పింది. పాఠకుడి కాలాన్ని ఆదా చేయాలని 1931లోనే సూత్రం చెప్పిన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ ఫొటోకి ఏటా ఆగస్టు 12న దండ వేసేదీ వీళ్లే! ఆ తప్పు ఒప్పుకోవలసిందే. కానీ ఖాళీలు నింపకుండా, ఒక్కరి నెత్తిన రెండు మూడు శాఖలు పెట్టి, పైగా కొత్త విద్య నేర్వలేదని దెప్పే హక్కు ప్రభుత్వాలకు లేదు.

పాఠకుడు రాలేకపోతే పుస్తకమే వెళ్లాలని 1935లో గ్రంథాలయోద్యమకారుడు పాతూరి నాగభూషణం కాలువలో పడవ గ్రంథాలయం నడిపించారు. అప్పటికి సెస్సూ లేదు, చట్టమూ లేదు. ఇప్పుడు రెండూ ఉన్నాయి. ప్రెస్ అకాడమీ స్కాన్ చేసిన పాత తెలుగు పత్రికలున్నాయి, ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే జాతీయ డిజిటల్ లైబ్రరీ ఉంది. వాటిలోకి దారి చూపే మనిషిని తయారు చేయడమే మిగిలింది.

రాజధానికి పిలిచి భోజనం పెట్టి పంపే ఒక్కరోజు వర్క్‌షాపులు వద్దు. లైబ్రేరియన్లకు వాళ్ల గ్రంథాలయంలోనే, వాళ్ల పుస్తకాల మీదే నేర్పాలి. సెస్సు బకాయిలు జమ చేయాలి, పోస్టులు నింపాలి, ప్రతి జిల్లా సంస్థా తన పుస్తకాల జాబితాను వెబ్‌లో పెట్టాలి. పాఠకులకూ ఒక మాట: ఈసారి ఇంటి పన్ను రసీదులో గ్రంథాలయ సెస్సు ఎంత కట్టారో చూసుకోండి. ఆ రసీదు పట్టుకునే మున్సిపల్ కమిషనర్‌ని లెక్క అడగండి.