బిడ్డను తూచకుండా వెళ్లిపోయే సందర్శన



నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన రోజున బంధువులందరూ గండం గడిచిందనుకుంటారు. తల్లికి మాత్రం అసలు భయం ఆ రాత్రే మొదలవుతుంది. గంటగంటకూ వచ్చి చూసే నర్సు ఇక్కడ లేదు. ఊపిరి లెక్కపెట్టే యంత్రం లేదు. కిలోన్నరో, కిలో ఎనిమిది వందల గ్రాములో ఉన్న పసిప్రాణం ఆమె చేతుల్లో ఉంది. అలాంటి ఇంటికి ప్రభుత్వం తరఫున రావలసిన మనిషి ఒకరున్నారు. ఎక్కువ రాష్ట్రాల్లో ఆశా కార్యకర్త, ఆమెకు పైన ఏఎన్‌ఎం. తమిళనాడులో ఎక్కువ చోట్ల గ్రామ ఆరోగ్య నర్సు. ఆమె వచ్చి బిడ్డను చూడకుండానే వెళ్లిపోతే, లేక తప్పు సలహా చెప్పి వెళ్తే, ఆ ఇంటివాళ్లు ఏం చేయాలి? ఈసారి సంపాదకీయం దాని గురించే.

ఇది నాలుగిళ్ల సమస్య కాదు. 37 వారాలు నిండకముందే పుట్టినవారిని నెలలు నిండని బిడ్డలంటారు. 2020లో మన దేశంలో అలా పుట్టినవారు సుమారు 30 లక్షలు. ప్రపంచంలో అలా పుట్టే ప్రతి ఐదుగురిలో ఒకరు మన బిడ్డే.

ఆ సందర్శన ఎవరి దయా కాదు

ఇంటికి వెళ్లి పసిబిడ్డను చూడాలన్న ఈ పద్ధతికి మన పొరుగునే మూలం ఉంది. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు గ్రామ స్త్రీలకే శిక్షణ ఇచ్చి, ఇళ్ల దగ్గరే నవజాత శిశువులను చూసుకునే ఏర్పాటు చేశారు. ఆ జిల్లాలోని సిరొంచ వైపు తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్న సంగతి మన పాఠకులకు తెలుసు. ఆ గ్రామాల్లో నవజాత శిశు మరణాలు సగానికి పైగా తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. పెద్ద చదువులు లేని గ్రామ స్త్రీ, చేతిలో ఒక త్రాసు, ఒక థర్మామీటరు ఉంటే ప్రాణాలు నిలబెట్టగలదని అది రుజువు చేసింది.

2011లో కేంద్ర ప్రభుత్వం దాన్ని దేశమంతటికీ తెచ్చింది. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరుసార్లు, ఇంట్లో కాన్పయితే మొదటి రోజుతో కలిపి ఏడుసార్లు ఆశా రావాలి. ఆసుపత్రిలో ఉండిపోయిన బిడ్డయితే ఇంటికి చేరినప్పటి నుంచి మిగిలిన సందర్శనలు జరగాలి. 2018 నుంచి 3, 6, 9, 12, 15 నెలల్లో మరో ఐదు సందర్శనలు కలిశాయి.

వచ్చిన ప్రతిసారీ ఆమె చేయవలసింది ఇది: చేతులు కడుక్కోవడం, బిడ్డను తూచడం, ఒంటి వేడి చూడడం, ఊపిరి లెక్కపెట్టడం, బొడ్డు చూడడం, తల్లి పాలిస్తుంటే పక్కన కూర్చుని బిడ్డ సరిగా పట్టుకుంటోందో లేదో చూడడం, ప్రమాద సూచనలు చెప్పడం. ఇవేవీ చేయకుండా వెళ్లిపోతే రిజిస్టరులో సందర్శన జరిగినట్లే ఉంటుంది, బిడ్డకు మాత్రం జరగలేదు.

ఎక్కడ తప్పుతోంది?

కొందరు గుమ్మం దగ్గరే నిలబడి, "అంతా బాగానే ఉందా?" అని అడిగి, సంతకం చేయించుకుని వెళ్లిపోతారు. కొందరు బిడ్డను చూసి, "ఇంత చిన్నగా ఉందేంటి, నీ పాలు చాలవు, డబ్బా పాలు పట్టు" అంటారు. నెలలు నిండని బిడ్డకు తల్లిపాలు మందుతో సమానం. పీల్చే శక్తి చాలకపోతే పాలు పిండి గిన్నెతోనో చెంచాతోనో పట్టడం నేర్పాలి కాని, డబ్బా చూపించకూడదు. కొందరు, "బిడ్డ బలహీనంగా ఉంది, టీకాలు తర్వాత చూద్దాం" అంటారు. టీకాల లెక్క మామూలుగా పుట్టిన తేదీ నుంచే. మరీ తక్కువ బరువున్న బిడ్డకు ఏదైనా ఆపాలంటే అది వైద్యుడు చెప్పవలసిన మాట.

ఇంకొందరు తల్లిని నిందిస్తారు. "ఆరు నెలలొచ్చినా ఎదుగుదల కనిపించదేంటి, నువ్వేం చూసుకుంటున్నావు?" అంటారు. ఎనిమిది వారాలు ముందుగా పుట్టిన బిడ్డకు ఆరు నెలలంటే, ఎదుగుదల లెక్కలో నాలుగు నెలలే. పుట్టవలసిన తేదీ నుంచి లెక్కపెట్టే ఈ వయసునే రెండేళ్ల వరకు చూడాలి. అది తెలియని ఒక్క మాటకు తల్లి రాత్రంతా ఏడుస్తుంది, అత్తవారింట్లో ఆమె మీద వేలెత్తడం మొదలవుతుంది.

మన పేటల సంగతి మరొకటి. సందర్శకురాలు వీధి చివర నిలబడి పేర్లు రాసుకుని, ఇంట్లో అడుగు పెట్టకుండా తిరిగిపోయే చోట్లు ఇంకా ఉన్నాయి. దాన్ని తీరిక లేకపోవడం అనకూడదు. దాని పేరు వివక్ష.

భాష కూడా అడ్డమే. ఆంధ్ర నుంచి షోలాపూరుకో భివండికో కోడలిగా వెళ్లిన అమ్మాయికి మరాఠీ రాదు. సందర్శకురాలు అత్తగారితో మాట్లాడి వెళ్తుంది. పాలిచ్చే తల్లికి చేరేది ఆ మాటల్లో సగమే. హోసూరులో తమిళం, బళ్లారిలో కన్నడం, బరంపురంలో ఒడియా. కార్డు మీద రాసింది తల్లి చదవలేకపోతే ఆ కార్డు ఉన్నా లేనట్లే.

అయితే ఆ స్త్రీని కూడా న్యాయంగా చూడాలి. ఆశాది జీతం ఉన్న ఉద్యోగం కాదు. పసిబిడ్డ సందర్శనలన్నీ పూర్తిచేస్తే కేంద్రం నిర్ణయించిన ప్రోత్సాహకం 250 రూపాయలు. ఆ డబ్బు వచ్చేది నింపిన ఫారం చూసి. సర్వేలు, టీకాలు, కాన్పులు అన్నీ ఆమె నెత్తినే. ఒక్కోసారి ఆమె సంచిలో పనిచేసే త్రాసు కూడా ఉండదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశాలను సత్కరించింది. ఆ గౌరవం వారికి తగినదే. కాబట్టి మన పోరాటం ఆమెతో కాదు. ఆమెకు త్రాసూ శిక్షణా ఇవ్వకుండా ఫారం మాత్రమే అడిగే ఏర్పాటుతో. అలాగని ఆమె కష్టం చూసి బిడ్డ హక్కును వదులుకోనూ కూడదు.

ఒక మాట చెప్పకపోతే ఏమవుతుంది?

1996లో చెన్నైలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో 29వ వారంలో ఒక ఆడపిల్ల పుట్టింది. బరువు 1,250 గ్రాములు. బిడ్డ బతికింది, ఇంటికి వెళ్లింది. కాని నెలలు నిండని బిడ్డలకు కంటి వెనుక పొర దెబ్బతినే ప్రమాదం ఉందని, దానికి గడువులోగా పరీక్ష చేయించాలని ఎవరూ చెప్పలేదు, చేయించలేదు. ఆ పిల్ల చూపు పోయింది. తండ్రి ఏళ్ల తరబడి న్యాయం కోసం తిరిగాడు. 2015 జూలైలో సుప్రీంకోర్టు ఆ కుటుంబానికి సుమారు 1.8 కోట్ల రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. తీర్పు గొప్పదే. చూపు మాత్రం తిరిగి రాలేదు.

ఆ కంటి జబ్బు పేరు ఆర్‌ఓపీ. 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల లోపు బరువున్నా, పుట్టిన 30 రోజుల్లోగా కంటి వైద్యుడు బిడ్డ కళ్లు చూడాలి. 28 వారాల లోపు పుట్టినా, 1,200 గ్రాముల లోపు ఉన్నా రెండు మూడు వారాలకే చూడాలి. గడువులో కనిపెడితే లేజర్‌తో చాలామంది చూపు కాపాడవచ్చు. కర్ణాటకలో 2008 నుంచి నారాయణ నేత్రాలయ వారు కెమెరాను జిల్లా ఆసుపత్రులకే తీసుకెళ్లి, ఫొటోలు బెంగళూరుకు పంపి పరీక్షిస్తున్నారు. కాబట్టి ఇది చేయలేని పని కాదు. ఇంటికి వచ్చే మనిషి "కళ్లు చూపించారా?" అని ఒక్క మాట అడిగితే చాలు. ఆమె అడగకపోతే మనమే అడగాలి.

ఇంట్లోవాళ్లు చేయవలసింది

మొదటిది, తగాదా వద్దు, తలవంచడమూ వద్దు. మర్యాదగా, స్పష్టంగా పని అడగండి. "అక్కా, రాసుకునే ముందు పాపను ఒకసారి తూచండి. బరువెంతో నా పుస్తకంలో కూడా రాయండి" అనండి. "ఈ సలహా డాక్టరు గారు చెప్పిందా అక్కా? మా డిశ్చార్జి కాగితంలో వేరేగా ఉంది" అని అడగండి. పని అడిగినందుకు కోపం వచ్చినా, తూచకుండా సంతకం చేయకండి.

రెండవది, ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఎవరు, ఏ తేదీన వచ్చారు, ఏం చూశారు, ఏం చెప్పారు, బరువెంత అన్నీ రాయండి. మొదటి రెండు వారాల తర్వాత బరువు రోజుకు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరుగుతుంటే మనసు కుదుట పడుతుంది. పెరగకపోతే ఆ పుస్తకమే వైద్యుడికి సాక్ష్యం.

మూడవది, మాట వినకపోతే మెట్లు ఎక్కండి. ముందు ఏఎన్‌ఎం, తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి, ఆ తర్వాత జిల్లా ఆరోగ్య కార్యాలయం. నోటితో చెప్పింది గాలికి పోతుంది. తెల్ల కాగితం మీద తేదీలతో రాసి, అందినట్లు సంతకం తీసుకోండి. చాలా రాష్ట్రాల్లో 104 నంబరుకు ఫోన్ చేసి కూడా చెప్పవచ్చు. ఏడాది లోపు బిడ్డకు జబ్బు చేస్తే ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం, మందులు, పరీక్షలు, రానుపోను వాహనం ఉచితంగా ఇవ్వాలని జననీ శిశు సురక్షా కార్యక్రమం చెబుతోంది. దాన్ని గట్టిగా అడగండి.

నాలుగవది, కొన్నిటికి ఎవరి కోసమూ ఆగకూడదు. బిడ్డ పాలు తాగడం మానేసినా, ముట్టుకుంటే చల్లగా ఉన్నా, జ్వరం వచ్చినా, నిమిషానికి 60 సార్లు లేక అంతకన్నా ఎక్కువ ఊపిరి తీసినా, పక్కటెముకల కింద గుంట పడుతున్నా, ఫిట్స్ వచ్చినా, అరచేతులు అరికాళ్లు పచ్చబడినా, లేపినా కదలకున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. "రేపు ఆశా వస్తుంది, అడుగుదాం" అనుకోకండి.

ఐదవది, సందర్శన బాగా జరిగినా జరగకపోయినా బిడ్డను గుండెకు హత్తుకోవడం మన చేతిలోనే ఉంది. బట్ట అడ్డం లేకుండా రొమ్ము మీద బిడ్డను నిలువుగా పడుకోబెట్టుకునే కంగారూ పద్ధతిని రోజుకు ఎనిమిది గంటలకు తగ్గకుండా పాటించాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. తల్లి అలసిపోతే తండ్రి చేయవచ్చు, అమ్మమ్మ చేయవచ్చు. నలుగు, వేడినీళ్ల స్నానం, సాంబ్రాణి పొగ మాత్రం ఈ బిడ్డకు వద్దు. పొగ ఆ చిన్ని ఊపిరితిత్తులకు పడదు, స్నానం ఒంటి వేడిని తీసేస్తుంది.

సరిహద్దులో జారిపోయే బిడ్డ

మన కుటుంబాలకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. పురిటికి పుట్టింటికి వెళ్లడం మన ఆచారం. పుట్టిల్లు ఇచ్ఛాపురం, అత్తిల్లు బరంపురం. పుట్టిల్లు కుప్పం, అత్తిల్లు హోసూరు. యానాం అమ్మాయి కాన్పు కాకినాడలో. గర్భిణిగా పేరు ఒక రాష్ట్రంలో నమోదవుతుంది, బిడ్డ ఇంకో రాష్ట్రంలో పుడుతుంది, మూడో వారంలో మళ్లీ ఊరు మారుతుంది. ఇక్కడి ఆశా, "ఆమె అక్కడి మనిషి కదా" అంటుంది. అక్కడి ఆశా, "ఇంకా రాలేదు కదా" అంటుంది. రెండు రిజిస్టర్లలోనూ ఆ బిడ్డ లేదు. కంటి పరీక్ష గడువు, టీకా గడువు సరిగ్గా ఆ రోజుల్లోనే దాటిపోతాయి.

దీనికి మందు ఒకటే. ఊరు మారిన రోజునే ఇంట్లో ఎవరో ఒకరు అక్కడి ఆశా దగ్గరకో ఏఎన్‌ఎం దగ్గరకో వెళ్లి బిడ్డ పేరు రాయించాలి. డిశ్చార్జి కాగితం, తల్లీబిడ్డల కార్డు, గర్భిణిగా నమోదైనప్పుడు ఇచ్చిన సంఖ్య, ఈ మూడింటి జిరాక్సు రెండు చోట్లా ఉండాలి. ఆసుపత్రి నుంచి వచ్చేముందే, "కళ్ల పరీక్ష ఏ తేదీకి, ఎక్కడ?" అని అడిగి ఆ కాగితం మీదే రాయించుకోవాలి.

సంఘాలకు, యౌవనస్థులకు

మన సంఘాల్లో బిడ్డ పుడితే ప్రార్థనకు వెళ్తాం, పండ్లు తీసుకెళ్తాం. నెలలు నిండని బిడ్డ ఉన్న ఇంటికి గుంపుగా వెళ్లకపోవడమే మొదటి మేలు. ఆ బదులు స్త్రీల సమాజం నుంచి ఒక్కరు, చేతులు కడుక్కుని, సందర్శన రోజున తల్లి పక్కన కూర్చోవాలి. స్థానిక భాష వచ్చిన యౌవనస్థులు ఆ గంటసేపు దుబాసీ పని చేయాలి. ఫిర్యాదు రాయడం రాని ఇంటికి రాసిపెట్టాలి. త్రాసు లేదని ఆశా చెబితే, ఆమెకు త్రాసు ఇవ్వమని వైద్యాధికారికి సంఘమంతా సంతకాలు చేసి పంపాలి. అప్పుడు ఆమె కూడా మన మనిషే అవుతుంది.

న్యాయం కోసం పదేపదే వెళ్లి తలుపు తట్టిన విధవరాలి ఉపమానం మనకు కొత్త కాదు. బాలింత అన్నిసార్లు తలుపు తట్టలేదు. ఆమె చేతుల్లో బిడ్డ ఉంది. ఆమె తరఫున వెళ్లవలసింది మనం. వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక మీ సంఘంలో ఒక్క ప్రశ్న అడగండి: మన వీధుల్లో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఎవరింట్లో ఉంది, ఆ బిడ్డను చివరిసారి తూచింది ఎప్పుడు?

- సంపాదకవర్గం