కొల్లేటి గట్టుకు రండర్రా!

అమ్మాయిలూ, అబ్బాయిలూ! గణపవరంలోనో నిడమర్రులోనో గూడెంలోనో పుట్టి, కొల్లేటి గాలి పీల్చి పెరిగినవాళ్లు మీరు. చలికాలం ఆదివారాలు ఆటపాక గట్టున పొరుగూళ్ల కార్లు ఆగుతాయి. చంటిబిడ్డంతేసి లెన్సులు దిగుతాయి. మధ్యాహ్నానికి చేపల పులుసు తిని వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోతారు. వాళ్లను తప్పుపట్టను. కానీ గూడబాతు మొదటి పుల్ల తెచ్చిన రోజు నుంచి పిల్ల రెక్క విదిల్చే రోజు దాకా చూడగలిగేది వాళ్లు కాదు, మీరు. చూస్తున్నారా మరి?

1946లో, ఇరవై మూడేళ్లు నిండీ నిండని మలయాళీ యువకుడు కె.కె. నీలకంఠన్ కొల్లేటి గూడబాతుల కాలనీని పక్షిశాస్త్రం దృష్టికి తెచ్చాడు. అప్పుడక్కడ గూళ్లు కట్టుకున్నవి దాదాపు 3,000 పక్షులు. తర్వాతి రోజుల్లో ఇందుచూడన్ పేరుతో కేరళ పక్షుల మీద పుస్తకం రాసింది ఆయనే. మన తాతలు రోజూ తలెత్తి చూసిన పక్షుల్ని కాగితమ్మీద పెట్టడానికి ఆ మలయాళీ కుర్రాడు రావలసి వచ్చింది. 1975 ప్రాంతానికి ఆ కాలనీ మాయమైంది. ఏ చెట్టున ఎన్ని గూళ్లుండేవి, ఏ యేడు ఎన్ని తగ్గాయి? ఫొటోలు తీసి దాచిన ఇల్లు మన ఊళ్లలో నాకు ఒక్కటీ తగల్లేదు.

తర్వాత 1999లో కొల్లేరు అభయారణ్యమైంది. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో సరస్సును ఆక్రమించిన చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆటపాకలో అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు మళ్లీ కాపురాలు పెట్టాయి. ఈసారైనా లెక్క మన చేతిలో ఉండాలి.

‘పెద్ద లెన్సు కొనాలంటే పొలం అమ్మాలండీ’ అంటారు. అమ్మొద్దు. కెమెరాకీ లెన్సుకీ మధ్య బిగించే చిన్న డబ్బా ఉంది, టెలీకన్వర్టర్. 1.4 రెట్లది పెడితే 300 ఎం.ఎం. లెన్సు 420 అవుతుంది. ఊరికే కాదు, వెలుతురులో సగం అదే మింగేస్తుంది. లెన్సు ఎపర్చర్ ఎఫ్/4 కాస్తా ఎఫ్/5.6 అవుతుంది. రెండు రెట్లదైతే పావు వంతు వెలుతురే మిగులుతుంది. జూమ్ లేని మంచి ప్రైమ్ లెన్సుకి 1.4 అల్లుడిలా అతుకుతుంది. చవక జూమ్‌కి రెండు రెట్లది తగిలిస్తే తగువే.

ఆ తగువు నేను పడ్డాను. హైదరాబాదులో ఒక కొట్టువాడు ‘దీంతో చంద్రుడి మీద కుందేలు కూడా కనిపిస్తుంది సార్’ అన్నాడు. 70-300 జూమ్‌కి రెండు రెట్ల కన్వర్టర్ కొనుక్కొచ్చాను. ఎఫ్/11 దగ్గర ఫోకస్ ముందుకీ వెనక్కీ పాకుతూనే ఉంది. అది కుదిరేసరికి నా గూడబాతు ఆకివీడు దాటేసింది. అన్ని కన్వర్టర్లూ అన్ని లెన్సులకీ పట్టవు. కొన్నిటిలో అద్దానికి అద్దం తగులుతుంది. కొనేముందు మీ లెన్సుకే బిగించి చూడండి.

ఇంకో సంగతి కొట్లో చెప్పరు. పొద్దున పది దాటాక చెరువుల మీద వేడిగాలి అలలు అలలుగా లేస్తుంది. దాని గుండా తీసిన దూరపు బొమ్మ నీళ్లలో నానిన నోటులా ఉంటుంది. ఏ కన్వర్టరూ దాన్ని బాగుచెయ్యదు, ఆ అలల్నే పెద్దవి చేసి చూపిస్తుంది. తెల్లవారకముందే గట్టెక్కడం ఒక్కటే మందు. ట్రైపాడ్ లేదా? పాత లుంగీ ముక్కతో సంచీ కుట్టి, మీ ఊరి రైస్‌మిల్లు ఊక నింపి, లెన్సు దానిమీద పడుకోబెట్టండి. పడవలో ఉంటే ఇంజను ఆపించండి. ఆ వణుకు పొడుగు లెన్సుకి భూకంపమే.

పొడుగు లెన్సు ఉన్నది దగ్గరగా వెళ్లడానికి కాదర్రా, వెళ్లకుండా ఉండడానికి! తల్లి బెదిరి లేచిందంటే గూట్లో గుడ్డు కాకి పాలు. పక్షి మెడ చాచి మీకేసి చూసిందా, మీరు గీత దాటేశారు. వెనక్కి రండి. కన్వర్టర్ తగిలించాల్సింది అక్కడ.

అందమైన బొమ్మ ఒక్కటీ పడకపోయినా ఫర్వాలేదు. మసక బొమ్మలో కూడా పరిశోధకులు కాలికి తొడిగిన రింగు అంకె చదవగలిగితే ఆ పక్షి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. తేదీ, చోటు, ఎన్ని గూళ్లు, ఎన్ని పిల్లలు నోటుబుక్కులో రాయండి. ఏటా జనవరిలో ఆసియాలోని చాలా దేశాల్లో నీటిపక్షుల్ని లెక్కపెడతారు. 1987 నుంచి జరుగుతున్న పని అది. అందులో మీ అంకె కూడా చేరాలి. ఆటపాక దూరమైతే మీ కాలవ గట్టునే మొదలెట్టండి. లకుముకి, నీటికాకి, గుడ్డికొంగ ఎవరి దగ్గరా టిక్కెట్టు అడగవు.

అరువు కెమెరా అయినా సరే, నలుగురికి ఒక్కటైనా సరే. ఈ కార్తీకంలో ఒక ఆదివారం, చీకటి ఉండగానే బయల్దేరండి. ఊక సంచీ మరిచిపోకండి.