మరి నక్కనేం చేశారు?

మనలో చాలామంది చదువుకున్న పంచతంత్రం మిత్రభేదంలో దమనకుడనే నక్క చాడీలు చెప్పి, సింహం చేత సంజీవకుడనే ఎద్దును చంపిస్తుంది. శిక్ష మాత్రం పడదు. పైగా మంత్రిగా కొనసాగుతుంది. కరువుకు కాడెద్దులను అమ్ముకున్న తాతల సంగతులు విన్న మన అనంతపురం పిల్లలు ఊరుకుంటారా? "మరి నక్కనేం చేశారు?" అంటారు. మనమేమో నక్క తెలివిని మెచ్చుకుని పడుకోమంటాం. నాకది సరికాదనిపిస్తుంది.

జవాబు పరదేశంలో ఉంది. 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా అరబ్బీలో రాసిన 'కలీలా వ దిమ్నా'లో ఈ నక్క మీద విచారణే జరుగుతుంది. రాత్రిపూట నక్కల మాటలు చాటుగా విన్న చిరుత వెళ్లి సింహం తల్లికి చెబుతుంది. నక్కను చెరసాలలో వేస్తారు. అది ఎంతో గడుసుగా వాదిస్తుంది. ఒక్క సాక్ష్యం చాలదు.

డిటెక్టివ్ పుస్తకాలు కొనివ్వండి, తప్పులేదు. కానీ ఈ రాత్రి ఇంతవరకూ తెలుగులో చెప్పి ఆపండి. రెండో సాక్షి ఎవరో, ఎక్కడ విన్నాడో పిల్లలనే ఊహించమనండి.