బాలింతను అడిగేదెవరు?

గుంటూరు జిల్లాలోని మా ప్రత్తిపాడు ప్రాంతంలో బాలింతను చూడవచ్చిన వారు బిడ్డను చూసిన వెంటనే అడిగే ప్రశ్న, "పథ్యం ఏం పెడుతున్నారు?" అని. సమాధానం అత్తగారో, కన్నతల్లో చెబుతారు. "ఆకలి తీరుతున్నదా అమ్మా?" అని ఆ బాలింతనే అడిగిన వారిని నేను బహు అరుదుగా చూశాను.

కడుపుతో ఉన్నన్నాళ్ళు ఇద్దరి తిండి తినమని బలవంతం చేసిన ఇంటనే, కాన్పు కాగానే నిషేధాలు మొదలవుతాయి. వంకాయ దురదట, గుమ్మడి వాతమట, పెరుగు జలుబట, పండ్లు చలవట, పప్పు తింటే బిడ్డకు అజీర్తియట. నీళ్ళు తాగితే పొట్ట జారుతుందట! ఇక మిగిలేది నేయి, కారప్పొడి కలిపిన నాలుగు ముద్దలు. నాకు తెలిసిన ఒక ఇల్లాలు అరటిపండు కొంగున దాచుకొని పెరటిలో తిన్నది. అన్ని వసతులూ గల ఇల్లు అది.

ఇదంతా ఆయుర్వేదమని చెప్పడమే నాకు బాధ కలిగించే విషయం. చరకసంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో సూతికోపచారం చెప్పబడింది. ఆమెకు ఆకలైనదని తెలుసుకొన్న పిమ్మటనే పిప్పలి, శొంఠి మొదలైన వాటి చూర్ణంతో నేయి వంటి స్నేహద్రవ్యమును, ఆపైన పలుచని జావను ఇమ్మన్నారు. ఈ నియమం అయిదు లేక ఏడు రాత్రులే. తరువాత క్రమంగా పుష్టి కలిగించాలి. మనం ఏడు రాత్రులను నెలలకు పొడిగించి, పుష్టి మాట మరచాము. అన్నట్టు, మన సీమకు పేరు తెచ్చిన మిరపకాయను చరకుడు ఎరుగడు. అది పోర్చుగీసువారి రాక తరువాత మన దేశానికి వచ్చినది.

పాలిచ్చే తల్లికి మొదటి 6 నెలలు రోజుకు సుమారు 600 కిలోక్యాలరీలు అదనంగా కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నది. కారపుముద్దతో అది సమకూడుతుందా? ఇనుము మాత్రలు కాన్పు తరువాత కూడా 180 రోజులు వాడవలసి ఉండగా, "వేడి చేస్తాయి" అని అటకెక్కిస్తున్నారు.

అయితే వైద్యులను మాత్రం పూర్తిగా మెచ్చుకోగలమా? పాలు, గుడ్లు, ఆకుకూరలు తినమని ఒక చీటీ ఇస్తారు. ఆ ఇంట గుడ్డు వండుతారా, వంట ఎవరి చేతిలో ఉన్నది అని విచారించరు. అక్కడ తల ఊపి, ఇంటికి వచ్చి ఇక్కడా తల ఊపడమే ఆమె పని. ఇక మిరపకోతలకు వెళ్ళే కూలితల్లికి పాటించడానికి పథ్యమూ లేదు, పడుకోవడానికి విశ్రాంతీ లేదు.

శొంఠి, వెల్లుల్లి, మెంతులు మానమని నేననడం లేదు. వాటితోపాటు పప్పు, పెరుగు, కూరలు, పండ్లు కూడా పెట్టమంటున్నాను. ఏదైనా పడకపోతే ఆ తల్లే చెబుతుంది.

బిడ్డకు ఆరవ మాసంలో అన్నప్రాశన అన్నాడు సుశ్రుతుడు. 6 నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేమీ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నుండి చెబుతున్నది. మా పల్నాటి గాలి ఎండల్లో మాత్రం తల్లికి నీళ్ళు తగ్గించి, పసికందు నోట చెంచాతో నీళ్ళు పోస్తారు. తల్లిపాలలో నూటికి 88 వంతులు నీరే. ఆ చెంచా లోపల పెట్టి, కాచి చల్లార్చిన నీళ్ళ కూజాను తల్లి మంచం పక్కన చేతికందేలా ఉంచండి.